కొత్త టీచర్ మొదటి రోజు సంచి: కోఠి, బేగంబజార్ సరుకులో ఏది పనికొస్తుంది, ఏది ఉత్త బరువు

హైదరాబాద్ సర్కారు ప్రాథమిక బళ్లకు బయటి నుంచి వచ్చి పాఠం చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. డీఈడీ, బీఈడీ శిక్షణలో ఉన్నవాళ్లు, వారానికో రోజు వచ్చే రిటైరైన మాస్టర్లు, సెలవు పెట్టుకుని వచ్చే ఉద్యోగులు. మొదటి రోజుకు ముందు వీళ్లలో చాలామంది కోఠికి వెళ్లి కంటికి నదరుగా కనబడిన చార్టులు, బొమ్మల కార్డులు కొనుక్కొస్తారు. అందులో సగం సంచిలోంచి బయటికే రావు. కోఠి, సుల్తాన్ బజార్, బడీ చౌడీ, బేగంబజార్ చుట్టుపక్కల దొరికే ఈ సరుకును మొదటి రోజు అవసరాన్ని బట్టి తూచి చెబుతున్నాం. కొట్ల పేర్లు చెప్పడం లేదు. ఒకే సరుకు పక్కపక్క కొట్లలో ఉంటుంది కాబట్టి చూసి ఏరుకోవడం తెలిస్తే చాలు.

కొత్తగా వచ్చిన టీచరుకు పిల్లల పేర్లు తెలియవు, ఎవరికి ఎంత వచ్చో తెలియదు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో తెలియదు. మొదటి నలభై నిమిషాల్లో ఈ మూడింటినీ ఏ వస్తువు బయటపెడుతుందో దానికే డబ్బు పెట్టాలి. ఈ సమీక్షకు కొలబద్ద అదే.

గది సంగతి కూడా ముందే తెలిసుండాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా అయితే ముగ్గురు. తరగతులేమో ఐదు. అందుకే చిన్న బడిలో ఒకటీ రెండూ కలిపి ఒక గదిలో, మూడూ నాలుగూ ఐదూ కలిపి ఇంకో గదిలో కూర్చోబెట్టడం మామూలే. అక్షరాలు పూర్తిగా రానివాళ్లూ, పేరాలు గడగడా చదివేవాళ్లూ ఒకే బెంచీ మీద ఉంటారు. ఒకరి ఇంట్లో తెలుగు, ఇంకొకరి ఇంట్లో ఉర్దూ, మరొకరి ఇంట్లో లంబాడీ, మరాఠీ, హిందీ. ‘రెండో తరగతి టీచింగ్ కిట్’ అని పెట్టె మీద అచ్చేసి అమ్మేవి ఇలాంటి గదిలోనే బోల్తా కొడతాయి.

పలక, బలపం

ఉన్న సరుకంతటిలో మా మొదటి ఓటు పలకకే. ముప్పై ఐదు మంది ఒకేసారి రాసి పలకలు పైకెత్తితే ఎవరికి వచ్చు, ఎవరికి రాదు, ఎవరు పక్కవాళ్లది చూసి రాశారు అన్నది పది సెకన్లలో తేలిపోతుంది. నోటుబుక్కుతో ఇది కుదరదు, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి వంగి చూడాలి. పలక మీది తప్పు తుడిచేస్తే పోతుంది, అందుకే రానివాళ్లు కూడా రాయడానికి జంకరు. కొత్త మనిషి ముందు పిల్లలకు ఆ ధైర్యమే కావాలి.

రాతి పలక మీద రాత అన్నిటికన్నా బాగుంటుంది. కానీ బరువు, జారి పడితే రెండు ముక్కలు. మోసుకెళ్లే సంచికి పనికిరాదు. రేకు పలక పగలదు గానీ చెక్క చట్రం వదులైతే రేకు అంచు వేలు కోస్తుంది. కొనేటప్పుడు నాలుగు మూలలూ పట్టి వంచి చూడాలి, మూల కదిలితే పక్కన పెట్టేయాలి. ప్లాస్టిక్ పలకలు తేలిక, డజన్ల లెక్కన దొరుకుతాయి. ఒకవైపు నలుపు, ఇంకోవైపు మార్కర్‌తో రాసే తెలుపు ఉన్నవి కొట్టువాళ్లు గట్టిగా అంటగడతారు. ఆ తెల్లవైపు ఒకటి, రెండు తరగతులకు దండగ. మార్కర్ మూత ఎక్కడో పడిపోతుంది, కాసేపటికి సిరా ఎండిపోతుంది, యూనిఫాం మీద పడ్డ మరక ఇంట్లో అమ్మకు పని.

ప్లాస్టిక్ పలకతో అసలు చిక్కు దాని నునుపే. కొట్లోనే ఒక బలపం అడిగి గీత గీయాలి. గీత తెగకుండా తెల్లగా పడితే తీసుకోవచ్చు, జారితే ఎంత చవకైనా వద్దు. మంచిదైనా సరే, వాడేముందు రోజు పలకంతా సుద్దముక్కను అడ్డంగా పెట్టి రుద్ది పొడిగుడ్డతో తుడవాలి. పైపొర సన్నని గరుకులో సుద్ద నిండితే బలపం పట్టుకుంటుంది. సైజు విషయంలో పలక పెద్దవాళ్ల జానెడు కన్నా చిన్నదైతే వద్దు. ఒకటో తరగతి చేతిరాతకు ‘కి’ మీద గుడి రాయడానికే సగం పలక పోతుంది.

తడిగుడ్డ మరిస్తే పిల్లలు ఉమ్మి పెట్టి అరచేత్తో తుడుస్తారు. పాత నూలు బట్టను అరచేయంత ముక్కలు చేసి ఇద్దరికి ఒకటి ఇస్తే చాలు. గుడ్డ తడిగా ఉండాలి గానీ నీళ్లు కారకూడదు. నీళ్లు నిలిచిన పలక మీద రాసింది కనబడదు, ఆరాక మాత్రమే తేలుతుంది. ఈలోగా పిల్ల ‘రాస్తలేదు టీచర్’ అని బలపం నొక్కి విరగ్గొడుతుంది. తుడిచాక పది అంకెలు అందరితో లెక్కపెట్టించి అప్పుడు రాయమంటే పలక ఆరుతుంది, లెక్కా అవుతుంది.

బలపాల్లో బూడిదరంగు రాతి బలపం గట్టిది, గీత సన్నం, కొత్త ప్లాస్టిక్ పలక మీద కీచుమంటుంది. తెల్లటి మెత్తని బలపం హాయిగా రాస్తుంది. నిండు బలపం చేతికివ్వకుండా రెండంగుళాల ముక్కలు చేసి ఇవ్వండి. పొట్టి ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతట అవే సరైన పట్టులోకి వస్తాయి. మెత్తని బలపాన్ని తినే పిల్లలు ప్రతి బడిలోనూ ఒకరిద్దరు ఉంటారు. లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. తింటున్న పిల్లను అందరి ముందూ మందలించొద్దు. మట్టి, సుద్ద తినాలనిపించడం రక్తహీనత ఉన్న పిల్లల్లో తరచుగా కనబడేదే. క్లాస్ టీచరు చెవిన వేస్తే బడికి వచ్చే ఆరోగ్య సిబ్బందికి చెబుతారు.

సుద్ద, బోర్డు

‘డస్ట్‌లెస్’ అని రాసున్న సుద్దకు దుమ్ము రాదనుకోవద్దు. మామూలు సుద్ద జిప్సంతో చేసింది, దాని పొడి తేలిగ్గా గాలిలో తేలుతుంది. డస్ట్‌లెస్ రకం కాల్షియం కార్బొనేట్, దాని పొడి బరువుగా కిందికి రాలుతుంది. ముందు వరస పిల్లల ముక్కుల్లోకి తక్కువ పోతుంది కాబట్టి ఆ కాస్త ఎక్కువ ధర పెట్టొచ్చు. రంగుల్లో పసుపు ఒక్కటే వెనక బెంచీ దాకా కనబడుతుంది. ఎరుపు, నీలం నల్లబల్ల మీద మునిగిపోతాయి, రంగుల పెట్టె అనవసరం. బడులు తెరిచే జూన్‌లోనే వానలు మొదలవుతాయి కాబట్టి సుద్ద చెమ్మగిల్లి గీత పడదు. ఒక పూట ఎండలో పెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసుకెళ్లాలి.

చుట్టుకుని తీసుకెళ్లే గుడ్డ బోర్డు కొనాలా? సర్కారు బళ్లను బాగుచేయడానికి 2022లో మొదలుపెట్టిన ‘మన బస్తీ - మన బడి’ పథకం పనుల జాబితాలో ఆకుపచ్చ చాక్‌బోర్డులు కూడా ఉండేవి. ఆ పనులు జరిగిన బళ్లలో మంచి బోర్డే ఉంటుంది. గదిలో రెండు తరగతులుంటే మాత్రం రెండో బోర్డుగా గుడ్డది చాలా ఆదుకుంటుంది. మూడు బై నాలుగు అడుగుల సైజు చాలు. కింద, పైన చెక్క లేదా పైపు కడ్డీ ఉన్నదే తీసుకోండి. కడ్డీ లేనిది ఫ్యాను గాలికి ఊగుతుంది. రాసే వైపు బయటికి వచ్చేలా చుట్టాలి. లోపలికి చుడితే తగిలించాక అంచులు మన వైపుకు ముడుచుకుంటాయి. బయటికి చుడితే అంచులు గోడకు ఆనుకుంటాయి. గోడకు మేకులుండవు కాబట్టి నైలాన్ తాడు, రెండు ఎస్ కొక్కేలు తీసుకెళ్లి కిటికీ ఊచలకు కట్టుకోవాలి.

పెట్టెలోంచి తీసిన కొత్త బోర్డు మీద నేరుగా రాస్తే ఆ మొదటి రాత మచ్చ ఎప్పటికీ పోదు. పలకకు చెప్పినట్టే బోర్డంతా సుద్ద అడ్డంగా రుద్ది తుడిచాకే వాడాలి. నేల మీద కూర్చునే తరగతిలో బోర్డు అడుగుభాగం వెనకవాళ్లకు కనబడదు, ముందున్న తలలు అడ్డం. కింది అడుగు మేర ఖాళీ వదిలేయండి.

అక్షరాల కార్డులు: ఎక్కువమంది మోసపోయేది వీటి దగ్గరే

పెట్టెలో నిగనిగలాడుతూ కనబడతాయి కాబట్టి ముందు వీటి మీదికే చేయి పోతుంది. కొనేముందు పెట్టె తెరిపించి నాలుగు సంగతులు చూడాలి.

సైజుతో మొదలుపెడదాం. పది అడుగుల దూరానికి అక్షరం కనీసం అంగుళం ఎత్తుండాలి, అంటే ఇరవై అడుగుల గదికి రెండంగుళాలు. ఇంగ్లిష్ అక్షరానికి ఈ లెక్క సరిపోతుంది గానీ తెలుగుకు ఇంకాస్త పెద్దది కావాలి. మన అక్షరాల్లో తేడా అంతా చిన్న గుర్తుల్లో ఉంటుంది. ‘ద’కు కింద చిన్న గీత పెడితే ‘ధ’, ‘ధ’ కడుపులో చుక్క పెడితే ‘థ’. ‘ప’, ‘ఫ’, ‘ష’ల మధ్య తేడా కూడా ఒక్క గీతే. అరచేతి సైజు కార్డులో ఆ చుక్క చీమ తలంత. ఎదురుగా కిటికీ ఉంటే లామినేషన్ మెరుపులో అదీ మాయం. లామినేషన్ మన్నికకే గానీ చదువుకు కాదు.

అచ్చుతప్పులు కూడా చూసుకోవాలి. డీటీపీ సెంటర్లలో వాడే ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు తప్పిపోవడం, పక్క అక్షరం కిందికి జరిగిపోవడం జరుగుతుంటుంది. పెట్టెలో ‘చెట్టు’, ‘పుస్తకం’, ‘నక్షత్రం’ వంటి వత్తుల మాటలున్న కార్డులు ఏరి చూడండి. వాటిలో తప్పుంటే మిగతావి చూడనక్కర్లేదు.

బొమ్మ కింది మాట మన ఊరిదేనా అన్నది ఇంకో పరీక్ష. ‘బ’ కార్డు మీద బంగాళాదుంప బొమ్మ ఉంటే హైదరాబాద్ తరగతి మొత్తం ‘ఆలుగడ్డ’ అని అరుస్తుంది. ‘వ’కి వేరుశనగ చూపిస్తే ‘పల్లీలు’ అంటారు. పిల్లలు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట, తప్పు కార్డుదే. కొత్త టీచరు అక్కడ ‘కాదు, తప్పు’ అన్నారంటే ఆ పిల్లలు మళ్లీ నోరు తెరవడానికి వారం పడుతుంది. ఆలుగడ్డ అన్నవాళ్లను మెచ్చుకుని బోర్డు మీద ‘ఆ’ రాయించడం మేలు.

చివరిగా, ఌ, ౡ, ఱ లకు కూడా కార్డులు వేసి ‘56 కార్డులు’ అని లెక్క పెంచుతారు. ‘ణ’తో, ‘ళ’తో మొదలయ్యే తెలుగు మాటలు లేవు కాబట్టి వాటికి వీణ, తాళం బొమ్మలు వేస్తారు. పిల్ల ఆ బొమ్మ చూసి ‘వ’, ‘త’ అంటుంది. అది న్యాయమే.

మా తీర్పు: అచ్చు కార్డులు కొనొద్దు. మందపాటి తెల్ల ఐవరీ అట్ట షీట్లు తీసుకుని కొట్లోనే ఎ5 సైజుకు కోయించుకోండి. ఛత్తా బజార్‌లో పెళ్లికార్డుల ప్రెస్సుల దగ్గర కోతలో మిగిలిన అట్ట ముక్కలు అడిగి చూడవచ్చు. చదును మొన ఉన్న నల్ల పర్మనెంట్ మార్కర్‌తో ఇరవై అక్షరాలు రాసుకుంటే మొదటి రోజుకు ఎక్కువే. బొమ్మ వేయొద్దు. అక్షరం చూపించి ‘దీంతో మీ ఇంట్లో ఏముంది?’ అని అడగండి. వచ్చిన మాటల్లోనే ఎవరింట్లో ఏ భాషో తెలిసిపోతుంది. బొమ్మలు కావాలంటే బడిలో పాఠ్యపుస్తకాలుంటాయి. 2022-23 నుంచి ఇస్తున్న ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. అవి పైసా ఖర్చు లేనివి.

పూసల దండ, పుల్లల కట్టలు

లెక్కలకు వంద పూసల దండను మించింది ఈ బజార్లలో లేదు. పది ఎర్రవి, పది తెల్లవి, మళ్లీ పది ఎర్రవి, ఇలా వంద. రెడీమేడ్‌ది కొంటే కొట్లోనే పదుల లెక్క సరిచూసుకోండి. ఒక రంగులో పదకొండో తొమ్మిదో పడితే దండంతా అబద్ధం. సొంతంగా గుచ్చుకోవడం కష్టమేం కాదు, బేగంబజార్‌లో పూసలు దొరుకుతాయి. బోర్డు ముందు కట్టి అందరికీ చూపడానికి 20 మిల్లీమీటర్ల పూసలు కావాలి, వంద పూసలకు రెండు మీటర్లు. గుంపులో పిల్లలు వాడేదానికి 10 మిల్లీమీటర్లవి, ఒక మీటరు. ఒకటో తరగతికి చిన్నపూసలు వదిలేయండి, ముక్కులోకి పోతాయి. దారం నైలాన్‌దే ఉండాలి. పూసల పొడవుకు ఇంకో జానెడు ఎక్కువ వదలకపోతే పూస జరగదు. పూస జరిగితేనే లెక్క.

వాడే తీరు: ఒక బట్టల క్లిప్పు ఇచ్చి ‘ముప్పై ఏడు దగ్గర పెట్టు’ అనాలి. క్లిప్పు 37వ పూస మీద కాదు, అది దాటాక ఉన్న సందులో పెట్టాలి. పిల్ల ఒకటి నుంచి ముప్పై ఏడు దాకా ఒక్కొక్కటే లెక్కపెడుతుందా, మూడు పదులు ఒక్కసారి దాటేసి ఏడు లెక్కపెడుతుందా అన్నది గమనించండి. రెండో రకం పిల్లకు స్థానవిలువ అప్పుడే సగం వచ్చేసినట్టు. ఏ పరీక్ష పేపరూ ఇంత తొందరగా ఈ సంగతి చెప్పదు.

హైదరాబాద్ బడిలో ఈ దండకు ఇంకో విలువ ఉంది. తెలుగులో ముప్పై ఏడు అంటే ముప్పై, ఏడు. దండ మీద ఎలా ఉందో నోట్లోనూ అలాగే. పదకొండు నుంచీ పదే ముందు వస్తుంది. ఉర్దూ, హిందీల్లో ‘సైంతీస్’ అంటే అందులో తీస్ (ముప్పై) వినబడినా సాత్ (ఏడు) వినబడదు, ఒక్కో సంఖ్యను విడిగా కంఠతా పట్టాలి. ఇంగ్లిష్ ‘థర్టీన్’లో మూడు ముందు, పది వెనక. ఇంట్లో ఒక భాషలో, బడిలో ఇంకో భాషలో లెక్కపెట్టే పిల్ల తడబడితే లెక్క రాలేదనుకోకూడదు, మాట దగ్గర ఆగిందేమో చూడాలి. క్లిప్పు సరైన చోట పెట్టి నోటితో తప్పు చెప్పిన పిల్లకు కావాల్సింది మాట సాయం మాత్రమే.

పుల్లలకు ఐస్‌క్రీం పుల్లలు చాలు. ఆరు గుంపులకు ముప్పై చొప్పున 180 కావాలి, విరిగేవి పోను 200 కొనండి. ఒక గుప్పెడు తీసి అంచులు వేలితో తడమండి, పేళ్లు లేచిన ప్యాకెట్ వద్దు. పది పుల్లలకు రబ్బర్ బ్యాండు రెండు చుట్లు పడాలి. ఒక చుట్టు వేస్తే జారుతుంది, పెద్దది ఇస్తే గది అంతా ఎగురుతుంది. కట్టలు మీరు కట్టుకుని వెళ్లకండి. పది లెక్కపెట్టి కట్టడమే పాఠం.

కథల పుస్తకం ఒక్కటి

ఒక్కటే చాలు, కానీ పెద్ద బొమ్మలున్నది. ముప్పై ఐదు మందికి ఎత్తి చూపించాలంటే నోటుబుక్కు కన్నా చిన్నది పనికిరాదు. ‘మంచి పుస్తకం’, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థల తెలుగు పిల్లల పుస్తకాలు నమ్మకంగా తీసుకోవచ్చు. ప్రథమ్ వాళ్ల పుస్తకాల మీద 1 నుంచి 4 దాకా స్థాయి ఉంటుంది. కలగలుపు గదికి 1 లేదా 2 స్థాయి తీసుకోండి. వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితం, ప్రింటు తీసుకోవడానికి కూడా అనుమతి ఉంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి చవకగా దొరుకుతాయి గానీ మధ్య పేజీలు ఉన్నాయా, కుట్టు ఊడిందా అన్నది చూసుకోవాలి.

పేర్లకు కాగితం టేపు, అదే మాస్కింగ్ టేపు, రెండంగుళాల వెడల్పుది ఒక చుట్ట. పిల్లకు పది సెంటీమీటర్ల చొప్పున ముప్పై ఐదు మందికి మూడున్నర మీటర్లే. ‘నీ పేరు ఎట్ల రాయాలె బిడ్డా?’ అని అడిగి, వాళ్లు చెప్పిన లిపిలో రాసి చొక్కాకు అంటించండి. సెల్లోటేపు అచ్చంగా దండగ, దాని మీద రాత పడదు.

చాక్లెట్లు, స్టిక్కర్లు, విజిల్, నడుముకు కట్టుకునే మైకు వద్దే వద్దు. చాక్లెట్ ఒక్కటి తగ్గినా రోజంతా దాని గొడవే. మైకు మోత పక్క గదిలోకి పోయి ఆ టీచరు పాఠం చెడుతుంది. వర్క్‌షీట్లు కూడా మొదటి రోజుకు వద్దు. సగం గంట పెన్సిళ్లు చెక్కడానికే పోతుంది.

కొనే రోజు గురించి ఒక మాట. బడులు తెరిచే జూన్ 12కు ముందు వారంలో కోఠిలో కాలు పెట్టే సందుండదు, కొట్టువాడు పెట్టె విప్పి చూపించడు. కనీసం రెండు వారాల ముందు, పొద్దున పూట వెళ్లండి. గ్రీన్ లైన్‌లో సుల్తాన్ బజార్, రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లు దగ్గర. ముందుగా బడికి ఫోన్ చేసి హెచ్ఎం (హెడ్‌మాస్టర్) గారిని మూడు సంగతులు అడిగితే సగం డబ్బు మిగులుతుంది: పిల్లలకు పలకలున్నాయా, ఏ ఏ తరగతులు కలిసి కూర్చుంటాయి, తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం సర్కారు నడిపే కార్యక్రమం) కింద రాసిన పిల్లల స్థాయిల వివరాలు చూపిస్తారా.

సాయంత్రం పలకలు, దండలు బడిలోనే వదిలి వెళ్లేట్టయితే ఊరికే బీరువా మీద పెట్టి రావొద్దు. హెచ్ఎం గారితో స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించమనండి. రాయించని సామాను తాళం పడ్డ బీరువాలోనే ఉండిపోతుంది, పోతే ఎవరిని అంటారోనని టీచర్లు బయటికి తీయరు. బలపాల డబ్బా మాత్రం మూత బిగించి పిల్లల చేతికందని అరలో పెట్టించండి.